దాలినాయుడికి దాలినాయుడు ఇచ్చిన అనుమతి

వైస్ ఛాన్సలర్ గారికి ఆ ఆలోచన విమానంలో వచ్చిందని కొందరూ, పొద్దుటి నడకలో వచ్చిందని కొందరూ చెప్పుకుంటారు. ఎక్కడ వచ్చినా ఉత్తచేతుల్తో మాత్రం రాలేదు, ఫ్లెక్సీతో సహా వచ్చింది. ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద ఓ పెద్ద సున్నా, ఆ సున్నా మధ్యలో చిరునవ్వుతో ఆయన ఫొటో. కింద ఎర్ర అక్షరాల్లో ‘సున్నా శాతం మహోద్యమం’ అని రాసి ఉంది.

సంగతేమిటంటే, దేశంలో ఎక్కడో ఒక పెద్దమనిషి ఇంకొకరి పరిశోధన గ్రంథాన్ని పొల్లు పోకుండా దించేసి డాక్టరేటు పుచ్చుకున్నాడు. పట్టుబడ్డాడు. పేపర్లవాళ్లు నాలుగు రోజులు పండగ చేసుకున్నారు. అప్పటినుంచి విశ్వవిద్యాలయాలన్నీ గ్రంథాలను కంప్యూటర్ చేత చదివించి, పాత రాతలతో పది శాతం వరకూ పోలిక ఉన్నా పోనీలే అంటున్నాయి. మన వైస్ ఛాన్సలర్ గారికి ఆ పోనీలే నచ్చలేదు. “పది శాతం దొంగను దొర అందామా?” అని సభలో అడిగారు. అడిగింది వైస్ ఛాన్సలర్ గనక ఆచార్యులందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లనే ఏకగ్రీవ తీర్మానంగా రాసుకుని, పోలిక సున్నా శాతం దాటిన ఏ గ్రంథాన్నీ తీసుకోరాదని మర్నాడే ఉత్తర్వు వేశారు.

ఆ ఉత్తర్వు బరువంతా వచ్చి నూకరత్నం నెత్తిన పడింది.

నూకరత్నం ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీలో అసిస్టెంట్ లైబ్రేరియన్. ఇరవై ఆరేళ్ల సర్వీసు. గుమ్మం పక్కనే ఆమె బల్ల, బల్ల మీద ‘కాపీరైట్, సాంకేతిక సందేహ నివృత్తి కేంద్రం’ అని బోర్డు. బోర్డు పొడుగే గానీ కేంద్రం మొత్తం ఆమె ఒక్కతే. పుస్తకంలో ఎన్ని పేజీలు జెరాక్స్ తీయొచ్చు, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చెయ్యాలి, ప్రింటర్ మీద ఎర్రలైటు ఎందుకు వెలుగుతోంది, మా గైడు గారి నోట్సు యూట్యూబులో పెడితే ఆయన కేసు వేస్తారా, ఇలాంటివన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. చాలావాటికి అక్కడికక్కడే జవాబు చెప్పి పంపించేసేది. మహోద్యమం వచ్చాక అలా చెప్పడం నిషేధించారు. కాపీరైట్ సందేహమైతే నీలం రిజిస్టరులో రాసి కాపీరైట్ పరిరక్షణ సంఘానికి పంపాలి. సాంకేతిక సందేహమైతే ఆకుపచ్చ రిజిస్టరులో రాసి కంప్యూటర్ కేంద్రానికి పంపాలి. రెండూ కలిసిన సందేహం వస్తే అడిగినవాణ్ణే వెనక్కి పంపి, విడదీసుకుని రమ్మనాలి.

ఇవి చాలనట్టు ఆమె కంప్యూటర్‌లో ‘నిజనేత్రం’ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించారు. ఏ గ్రంథమైనా ముందు దాని నోట్లో వెయ్యాలి. అది నమిలి, శాతం చెప్పి, సర్టిఫికెట్ కక్కుతుంది. దాని మీద నూకరత్నం సంతకం, పైన సంఘం అధ్యక్షుల సంతకం పడితేనే రిజిస్ట్రార్ ఆఫీసులో గ్రంథం తీసుకుని రశీదు ఇస్తారు.

సోమవారం పదకొండు గంటలకు బొడ్డేపల్లి దాలినాయుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. సమాజశాస్త్రంలో పరిశోధకుడు. పలాస వైపు జీడిపిక్కలు కొట్టి బతికే ఆడవాళ్ల మీద ఏడేళ్లు పనిచేసి, మూడు వందల పన్నెండు పేజీల గ్రంథం తెలుగులో రాశాడు. ఆ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు అతని గడువు తీరిపోతుంది. ఆ లోపల గ్రంథం సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అది రద్దయితే ఉద్యోగమూ గల్లంతే. ఒక డిగ్రీ కాలేజీవాళ్లు లెక్చరర్ పోస్టు అతని కోసం అట్టిపెట్టి, సమర్పించిన రశీదు చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు.

“సర్టిఫికెట్ ఒక్కటి ఇచ్చీండి మేడం. శుక్రవారం దాకా ఎందుకు, ఈరోజే గ్రంథం ఇచ్చీసి ఎల్లిపోతాను,” అన్నాడు.

నూకరత్నానికి ఆ కుర్రాడంటే అభిమానం. ఏడేళ్లలో ఒక్క పుస్తకం ఆలస్యంగా తిరిగివ్వలేదు, ఒక్క పేజీ మడతపెట్టలేదు. నవ్వుతూ పెన్‌డ్రైవ్ అందుకుని పని మొదలెట్టింది. నిజనేత్రం పావుగంట నమిలి, పద్నాలుగు శాతం అంది.

ఎక్కడెక్కడ పోలిక దొరికిందో చూస్తే మొదటిది ప్రమాణపత్రం. ‘ఈ గ్రంథం నా స్వంత కృషి అనియు, ఏ భాగమూ ఇతరుల నుండి నకలు చేయలేదనియు ప్రమాణము చేయుచున్నాను’ అన్న వాక్యం నూటికి నూరు శాతం నకలని తేలింది. ఆ వాక్యం ఇప్పటికే నాలుగు వేల మూడు వందల పన్నెండు గ్రంథాల్లో ఉందట.

“నకలు కొట్టలేదన్న మాటే నకలంతందేటి మేడం?”

“అందరూ అదే మాట చెప్పేరు కదా బాబూ.”

“అందరి చేతా అదే చెప్పించింది యూనివర్సిటీయే కదండీ!”

నిజమే. పెట్టాల్సిన చోట కామాతో సహా ఆ వాక్యాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేసి ఇస్తుంది. ఇక రెండోది విశ్వవిద్యాలయం పేరు, అదీ నకలే. మూడోది రచయిత పేరు. నాలుగోది అన్నిటికంటే పెద్దది. గ్రంథం సమర్పించే ముందు అందులోంచి రెండు వ్యాసాలు పత్రికల్లో అచ్చువేయించి తీరాలని విశ్వవిద్యాలయం నిబంధన. దాలినాయుడు నిబంధన పాటించాడు. ఆ రెండు వ్యాసాలనూ దాలినాయుడు అనే ఇంకొక రచయిత నుంచి ఇతగాడు కాజేశాడని నిజనేత్రం కనిపెట్టింది.

నూకరత్నం నీలం రిజిస్టరు తీసి నాలుగు సందేహాలు రాసుకుంది.

కాపీరైట్ పరిరక్షణ సంఘం అధ్యక్షులు ఆచార్య పీతాంబరం గారు. పుట్టినప్పుడు అందరిలాగే ఏడ్చి ఉంటారు గానీ, మాటలొచ్చాక ఆయనకు ఉత్తర్వుల భాష తప్ప ఇంకోటి రాలేదు. అటెండరు టీ తెస్తే ‘స్వీకరించడమైనది’ అంటారు. చక్కెర తక్కువైతే ‘తగు చర్య నిమిత్తం’ అని కప్పు వెనక్కి పంపుతారు. మంగళవారం ఉదయం నూకరత్నం దాలినాయుణ్ణి వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

“ప్రమాణపత్రమును అభ్యర్థి స్వంత మాటలలో వ్రాసుకొనవచ్చును. సంఘమునకు అభ్యంతరము లేదు,” అన్నారు పీతాంబరం గారు ఉదారంగా.

దాలినాయుడు అక్కడే ఓ కాగితం తీసుకుని ‘ఈ పుస్తకం నేనే రాసేను. మా అమ్మ మీద ఒట్టు’ అని రాశాడు. ఇంతకంటే స్వంత మాట ఉండదని నూకరత్నం అనుకుంది. రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లు అలా అనుకోలేదు. ప్రమాణపత్రం నిర్ణీత నమూనాలోనే ఉండాలనీ, అమ్మల మీద ఒట్లు చెల్లవనీ గంటలో వెనక్కి పంపేశారు. నమూనా మారకూడదు, మాటలు కలవకూడదు. మధ్యాహ్నం దాకా తర్జనభర్జనలు పడి సంఘంవారు ఉపాయం కనిపెట్టారు. వాక్యం అదే ఉంటుంది, అందులో ప్రతి మాటకూ బదులు ఇంకో మాట ఉంటుంది. ‘ప్రస్తుత బృహల్లేఖనము మదీయ స్వేదఫలంబనియు, అన్యుల అక్షరంబుల నపహరించి యుండలేదనియు శపథము గావించుచున్నాడను’ అని తయారైంది. నిజనేత్రం దానికి సున్నా ఇచ్చింది. పీతాంబరం గారు కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఊపులో విశ్వవిద్యాలయం పేరు కూడా ఎవరి మాటల్లో వారు రాసుకోవాలన్నారు. దాలినాయుడు పేరు తీసేసి ‘కొండ వారనున్నదియు, మూడు గేట్లు గలిగి రెంటికి ఎల్లప్పుడు తాళము వేసి యుండునదియునైన చదువుల నిలయము’ అని పెట్టాడు. సంఘం ఆమోదించింది.

“ఇక మూడవ అంశము. దాలినాయుడు అను పేరు తమకు ఎట్లు సంక్రమించినది?”

“మా తాత పేరండి. మాకాడ పెద్ద మనవడికి తాత పేరే ఎడతారు.”

“అనగా నకలు.”

“అందరూ అలాగే ఎడతారండి.”

“తాతగారి లిఖితపూర్వక అనుమతి ఉన్నదా?”

“ఆయన ఎనభై ఎనిమిదిలో పోయేరండి.”

పీతాంబరం గారు వేళ్లు మడిచి లెక్కవేశారు. “హక్కుదారు మరణానంతరము అరువది సంవత్సరములు. రెండువేల నలభై ఎనిమిది ముగియు వరకు ఆగినచో ఏ చిక్కూ లేదు.”

నూకరత్నం ఇక పట్టలేకపోయింది. “సార్, పేరుకి కాపీరైట్ ఉండదండి. చట్టంలో ఎక్కడా లేదు.”

“చట్టములో లేనిచో మనము చేర్చుకొనవచ్చునమ్మా. మహోద్యమము చట్టము కంటె ముందుండవలెను.”

చివరికి మధ్యేమార్గంగా, అట్ట మీద రచయిత పేరుండే చోట ‘సదరు వ్యక్తి’ అని అచ్చువేయమన్నారు. దాలినాయుడు బయటికొచ్చి వరండా మెట్ల మీద చతికిలబడ్డాడు. “పేరు పోతే పోనాది మేడం. రశీదు వస్తే చాలు,” అన్నాడు.

బుధవారం నాలుగో అంశం. సొంత వ్యాసాలు వాడుకోవాలంటే వాటి రచయిత అనుమతి కావాలి. అందుకని దాలినాయుడు దాలినాయుడికి దరఖాస్తు పెట్టుకున్నాడు. గైడు గారి ద్వారా, శాఖాధిపతి ద్వారా, మూడు సంతకాలతో అది వెళ్లింది. దాలినాయుడు దాన్ని సానుభూతితో పరిశీలించి అనుమతి ఇచ్చాడు. అదే దారిన మళ్లీ మూడు సంతకాలతో జవాబు వచ్చింది. ఇంతటితో అయిపోయిందని ఇద్దరూ ఊపిరి పీల్చుకునేలోగా, అనుమతి స్వచ్ఛందంగా ఇచ్చిందో, ఒత్తిడి చేసి రాయించుకున్నదో తేల్చాలని సంఘం విచారణ పెట్టింది.

విచారణ గదిలో రెండు కుర్చీలు వేశారు. ఒకదాని మీద ‘అనుమతి కోరు వ్యక్తి’, రెండోదాని మీద ‘అనుమతి ఇచ్చు వ్యక్తి’ అని చీటీలు అంటించారు. నూకరత్నం విచారణ రాసుకోవడానికి పక్కన కూర్చుంది. పీతాంబరం గారు మొదటి కుర్చీని ప్రశ్నించినప్పుడు దాలినాయుడు మొదటి కుర్చీలోంచీ, రెండోదాన్ని ప్రశ్నించినప్పుడు లేచెళ్లి రెండోదాంట్లోంచీ జవాబు చెప్పాలి.

“మీ ఉభయులకు పూర్వపరిచయము కలదా?”

“ఉందండి.”

“ఎంత కాలముగా?”

“పుట్టినకాడి నుంచీనండి.”

“ఒకే ఇంట నివసించుచున్నారా?”

“అవునండి.”

“రెండవ వారు చెప్పవలెను.”

దాలినాయుడు లేచెళ్లి రెండో కుర్చీలో కూర్చున్నాడు. “అవునండి.”

“అనుమతి ఇచ్చునట్లు మొదటి వారు మిమ్ములను ఒత్తిడి చేసినారా?”

దాలినాయుడు బుర్ర గోక్కున్నాడు. “శుక్రవారం లోపల ఇమ్మని గట్టిగానే అనుకున్నానండి.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పీతాంబరం గారికి అటూ ఇటూ కూర్చున్న సంఘం సభ్యులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పీతాంబరం గారు కళ్లజోడు తీసి నెమ్మదిగా తీర్పు చెప్పారు. “ఉభయుల మధ్య అతిసన్నిహిత సంబంధము ఉన్నట్లును, ఒకరు చెప్పినదానిని మరియొకరు వెనువెంటనే బలపరచుచున్నట్లును సంఘము గమనించినది. ఇది కుమ్మక్కు. అనుమతి చెల్లదు.”

“వాళ్లిద్దరూ ఒకరే కదండీ సార్!” అని నూకరత్నం కలం కింద పడేసింది.

“ఒకరే అయినచో రెండు కుర్చీలు మంజూరై యుండునా అమ్మా?” అన్నారాయన, చంటిపిల్లకి చెబుతున్నట్టు. పోలిక దొరికిన భాగాలన్నీ వేరే మాటల్లో తిరగరాసుకురావడానికి దాలినాయుడికి ఒక రోజు దయచేశారు.

అతను తిరగరాశాడు. గురువారం మధ్యాహ్నానికల్లా కళ్లు ఎర్రగా చేసుకుని మళ్లీ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. నిజనేత్రం ఈసారి అయిదు నిమిషాలు కూడా తీసుకోలేదు. తొంభై ఆరు శాతం నకలు అంది.

ఎవరినుంచి కాజేశాడో చూపించమని నూకరత్నం మీట నొక్కింది. ‘రచయిత: బొడ్డేపల్లి దాలినాయుడు. దాఖలైన సమయం: సోమవారం, పదకొండు గంటల పన్నెండు నిమిషాలు’ అని వచ్చింది. సోమవారం నమిలిన గ్రంథాన్ని ఆ మాయదారి సాఫ్ట్‌వేర్ కడుపులోనే దాచుకుంది. గురువారం వచ్చినవాడు సోమవారం వచ్చినవాడి సొమ్ము ఎత్తుకొచ్చాడని ఇప్పుడు ఫిర్యాదు చేస్తోంది. ఎన్నిసార్లు సరిదిద్దుకొస్తే అంత పెద్ద దొంగ అవుతాడన్నమాట.

నూకరత్నం ఆకుపచ్చ రిజిస్టరు తీసి, సోమవారం ప్రతిని తొలగించండి అని కంప్యూటర్ కేంద్రానికి పంపింది. కాపీరైట్ ఉన్న ప్రతిని తొలగించాలంటే హక్కుదారు అనుమతి కావాలనీ, అది నీలం రిజిస్టరు వ్యవహారమనీ జవాబొచ్చింది. పీతాంబరం గారికి ఫోన్ చేస్తే, సోమవారం నాటి దాలినాయుడు స్వయముగా హాజరై సంతకము చేయవలెను అన్నారు. ఇంకోసారి కంప్యూటర్ కేంద్రానికే మొర పెట్టుకుంది. ‘ఈ సందేహం ఇంతకుముందు అడిగినదే. మహోద్యమంలో భాగంగా నకలు సందేహాలు స్వీకరించబడవు’ అని జవాబొచ్చి, ఆమె సందేహం కంప్యూటర్‌లో దానంతటదే మూసుకుపోయింది.

“ఇంక ఎల్లిపోతాను మేడం,” అన్నాడు దాలినాయుడు. “కాలేజీవోళ్లకి ఫోన్ చేసి రానని చెప్పీస్తాను.”

“నోర్మూసుకుని అలా కూర్చో,” అంది నూకరత్నం. అంత గట్టిగా ఆమె ఎవర్నీ కసరలేదు ఎప్పుడూ. ఎందుకు కసిరిందో ఆమెకే తెలియదు, తర్వాత ఏం చెయ్యాలో అంతకంటే తెలియదు. ఏమీ తోచక అతని గ్రంథం కంప్యూటర్‌లో తెరిచి చదవసాగింది.

నాలుగు రోజులుగా ఆ గ్రంథం చుట్టూ తిరుగుతోంది గానీ అందులో ఏముందో ఆమె చూడనేలేదు. సంఘంవాళ్లూ చూడలేదు, గైడు గారు సంతకం పెట్టాల్సిన పేజీ మాత్రం చూశారు. మొదటి పేజీ నుంచే ఆమెకు తల తిప్పుకోబుద్ధి కాలేదు. జీడిపిక్క కొడితే చిమ్మే రసం చర్మాన్ని ఎలా కాలుస్తుందో, బూడిద రాసుకుని మళ్లీ ఎలా కూర్చుంటారో, నల్లబడిన వేళ్లతో పసిపిల్లల్ని ముట్టుకోవడానికి ఎలా జంకుతారో వాళ్ల మాటల్లోనే రాశాడు. నూట అరవయ్యో పేజీలో గవరమ్మ అనే ఆవిడ చెప్పింది ఉంది. ‘జీడిరసం నా ఏళ్లని తినీసింది బాబూ. గీతలు ఒక్కటీ నేవు. రేసను డిపోలో మిసను మీద ఏలెడితే నువ్వు గవరమ్మవి కాదంతంది. ముప్పయ్యేళ్ల నుంచి నానే గవరమ్మని. మరి నాను కాపోతే ఎవులు బాబూ?’

నూకరత్నం అక్కడ ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న దాలినాయుణ్ణి చూసింది. దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే గెలిచింది.

పక్క పేజీలో గవరమ్మ రెండు చేతుల ఫొటో వేశాడు. నిజనేత్రం ఇచ్చిన రిపోర్టు తెచ్చి ఆ పేజీ దగ్గర ఏముందో చూసింది. సున్నా శాతం. ఇంకో ఫొటో ఉన్న పేజీ చూసింది. సున్నా. జిల్లా పటం ఉన్న పేజీ చూసింది. ఆ పటం గెజిటీర్ లోంచి తెచ్చి ఉన్నదున్నట్టు అతికించాడు, కింద ఆ సంగతి రాసుకున్నాడు కూడా. అయినా దానికీ సున్నాయే. నూకరత్నానికి అప్పుడు వెలిగింది. నిజనేత్రానికి బొమ్మలు చదవడం రాదు.

“దాల్నాయుడూ, రేపు పొద్దున్నే రా. సోమవారం తెచ్చేవే, నీ పేరుతో ఉన్నది, పాత ప్రమాణపత్రంతో ఉన్నది, అది అచ్చుకొట్టించి పట్రా.”

“దానికి పద్నాలుగు శాతం వచ్చింది కదండీ.”

“తెమ్మన్నానా?”

లైబ్రరీలో పాత పుస్తకాలను ఫొటోలుగా మార్చే స్కానర్ ఒకటుంది. శుక్రవారం పొద్దున నూకరత్నం మూడు వందల పన్నెండు పేజీలూ దాంట్లో పెట్టి, ప్రతి పేజీని ఓ బొమ్మ కింద మార్చింది. అక్షరం అక్షరం అలాగే ఉంది, మనిషి కంటికి అంతా కనిపిస్తుంది. ఒంటిగంటకు నిజనేత్రం నోట్లో వేసింది. అది మూడు క్షణాల్లో సర్టిఫికెట్ కక్కింది.

‘పరిశీలించిన అక్షరాలు: సున్నా. పోలిన అక్షరాలు: సున్నా. పోలిక శాతం: సున్నా.’

మొదటి సున్నాను నూకరత్నం రెండుసార్లు చదువుకుంది. అక్షరాలే కనిపించలేదని యంత్రం నిజాయితీగా ఒప్పేసుకుంది. చదవడం వచ్చిన ఏ అధికారి అయినా ఆ ఒక్క వరుస చూస్తే చాలు, దాలినాయుడి గ్రంథంతో పాటు తన ఇరవై ఆరేళ్ల సర్వీసు కూడా పోతుంది. అయినా సంతకం పెట్టింది. నాలుగు గంటలకు పీతాంబరం గారి గదిలోకి వెళ్లింది.

ఆయన సర్టిఫికెట్ అందుకుని చూపు మొదటి వరుస మీదే నిలిపారు. గోడ గడియారం చప్పుడు నూకరత్నానికి చెవిలో కొట్టినట్టు వినిపించింది. దాలినాయుడు గుమ్మం బయట నిలబడి రెండు చేతులూ జోడించేసుకున్నాడు.

“ఏమిటమ్మా ఇది?” అన్నారు పీతాంబరం గారు చివరికి.

“ఏటండి సార్?”

“మూడు సున్నాలు!” ఆయన కుర్చీలోంచి లేచారు. “ఇతర విశ్వవిద్యాలయములు ఒక్క సున్నాకే నోచుకొనలేదు. పరిశీలించుటకు సైతము ఒక్క అక్షరము చిక్కనంతటి స్వచ్ఛత! వైస్ ఛాన్సలర్ గారికి తక్షణమే నివేదించవలెను.” అంటూ సంతకం బరికేశారు.

అయిదుకు పన్నెండు నిమిషాలుండగా దాలినాయుడి చేతికి రశీదు వచ్చింది. అట్ట మీద అతని పేరు, వాళ్ల తాత పేరు, అలాగే ఉంది. అతను లైబ్రరీ దాకా పరిగెత్తుకొచ్చి నూకరత్నం కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆమె తిట్టి పంపించింది. అతను వెళ్లాక బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

తర్వాత జరిగిందంతా మహోద్యమం చరిత్రలో స్వర్ణాధ్యాయం. మూడు సున్నాల గ్రంథానికి సభ చేశారు. ‘ఆద్యంతము చదివితిని, మునుపెన్నడు చూచిన వాక్యము ఒక్కటియు కనబడలేదు’ అని పీతాంబరం గారు వేదిక మీద చెప్పారు. ఆయన చెప్పిందాంట్లో రెండో సగం నిజమే. ఆ గ్రంథాన్ని ఆదర్శంగా ప్రకటించి, రెండు వందల జెరాక్స్ ప్రతులు తీయించి శాఖలన్నిటికీ పంచి, పరిశోధకులందరూ దానిని అక్షరం మారకుండా అనుసరించవలెనని ఉత్తర్వు వేశారు. ఉత్తర్వును ధిక్కరించే ధైర్యం ఎవరికుంది? మూడు నెలల్లో నూకరత్నం బల్ల మీదికి పదిహేడు గ్రంథాలు వచ్చాయి, పదిహేడూ ఆ జెరాక్స్ ప్రతుల్నే దిద్ది స్కాన్ చేసిన బొమ్మల్లోనే. వాణిజ్యశాస్త్రం వాళ్లది జీడిపిక్కల ఆడవాళ్ల మీద, చరిత్ర వాళ్లది పూర్వకాలపు జీడిపిక్కల ఆడవాళ్ల మీద. వృక్షశాస్త్రం వాళ్లు ఆడవాళ్లను తీసేసి జీడిపిక్కల్ని ఉంచారు. గణితశాస్త్రం వాళ్లకు ఏం చెయ్యాలో తెలియక గవరమ్మను రెండుసార్లు వేశారు. అన్నిటికీ మూడేసి సున్నాలు. ప్రతిదాంట్లోనూ నూట అరవయ్యో పేజీలో ‘మరి నాను కాపోతే ఎవులు బాబూ’ అని గవరమ్మ అడుగుతూనే ఉంది. ఒక్క నూకరత్నం తప్ప ఎవరూ ఆ పేజీ దాకా రాలేదు. జీడి పరిశోధనలో మన విశ్వవిద్యాలయం దేశానికే తలమానికమని వైస్ ఛాన్సలర్ గారు కొత్త ఫ్లెక్సీ కట్టించారు.

ఇది తన చేతి చలవే గదా అని నూకరత్నానికి ఒక్కోసారి గుచ్చుకునేది. పోనీ, ఒక మంచి కుర్రాడు నిలబడ్డాడు గదా అని సర్దిచెప్పుకునేది. రెండో మాట తలుచుకుంటే మొదటిదాని నొప్పి తగ్గేది.

ఒక బుధవారం పన్నెండు గంటలకు ఆమె బల్ల మీద ఫోన్ మోగింది.

“నమస్కారం మేడం. దాలినాయుడిని.”

“ఒరే నాయనా! ఎలాగున్నావు? పిల్లలు మాట వింటన్నారా? పాఠాలు బాగున్నాయా?”

“పాఠములకు ప్రస్తుతం సమయం చిక్కుట లేదు మేడం. తమరికి తెలియజేయునదేమనగా, మా కాలేజీలో కూడా సున్నా శాతం మహోద్యమం ప్రారంభించడమైనది. నన్ను కన్వీనరుగా నియమించినారు.”

ఆమె పగలబడి నవ్వింది. పీతాంబరం గారిని భలే దించాడు అనుకుంది. అటునుంచి నవ్వు రాలేదు.

“పిల్లలు వాళ్ల సీనియర్ల ప్రాజెక్టులే మళ్లీ రాస్తున్నారండి. కఠినముగా వ్యవహరించవలసి ఉన్నది,” అని అతను అదే గొంతుతో చెప్పుకుపోయాడు. “మీకాడ వేసిన ఆ ఉత్తర్వు, విచారణ నియమావళి, దరఖాస్తు నమూనా అన్నీ పంపించినచో యథాతథముగా అమలుపరచుకొనెదము. పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు.”

నూకరత్నం నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు. వరండా మెట్ల మీద చతికిలబడ్డ మనిషిని గుర్తు చెయ్యాలనుకుంది. తిట్టాలనుకుంది. ఇంకా ఏ మూలో ఆశ చావక, ఆ మాట వింటే సిగ్గుపడి నవ్వేస్తాడని అంది.

“వాటికి కాపీరైట్ ఉంది కదా దాల్నాయుడూ. అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకో మరి. మీ ప్రిన్సిపాల్ గారి ద్వారా.”

నవ్వుతాడని చెవి రిక్కించి వింది. అటుపక్క కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది.

“తప్పక మేడం,” అన్నాడు దాలినాయుడు. “మూడు ప్రతులా, నాలుగా?”